మావయ్య రైస్ మిల్లులో లీన్: ఒక రబీ సీజన్ డైరీ

ఫిబ్రవరి, కోతలకు ముందు

నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం వెళ్లే దారిలో ఉంది మా మావయ్య మిల్లు. తాత కాలంలో హల్లర్ (పొట్టు తీసే పాతకాలపు మిషను) మిల్లుగా మొదలై, ఇప్పుడు పొట్టు ఒలిచే రబ్బరు రోల్ షెల్లర్లు, తవుడు తీసే పాలిషర్లు, రంగు చూసి చెడు గింజలు ఏరే సార్టెక్స్ దాకా వచ్చింది. మిషన్లు మారాయి గానీ పని జరిగే తీరు ఇంకా తాత పెట్టిందే. ధాన్యం ఎక్కడ దింపాలన్నది మావయ్య నోటిమాట. ఏ బ్రాండు సంచులు ఎన్ని ఉన్నాయన్నది గుమస్తా గారి జ్ఞాపకం. ఏ మిషను ఎందుకు ఆగిందో మిషన్లు నడిపే డ్రైవరన్నకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

నేను శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో పనిచేసి వచ్చాను. అక్కడ నేర్చుకున్న లీన్ పద్ధతులు ఇక్కడ ఎంతవరకు పనికొస్తాయో ఈ సీజన్లో చూడాలని మావయ్యను అడిగాను. ఆయన రెండు షరతులు పెట్టాడు. "సీజన్లో మిల్లు ఆగకూడదు. మనుషుల్ని తీసేసే మాట నా దగ్గర ఎత్తకూడదు." రెండూ నాకు సమ్మతమే. రెండోది ఆయన చెప్పకపోయినా నేనే అడిగేవాణ్ణి.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: లీన్ అంటే పనిలో వృథాను వెతికి తీసేసే పద్ధతి, టొయోటా కంపెనీలో తాయిచి ఓనో అనే ఇంజనీరు దశాబ్దాల పాటు కట్టుకుంటూ వచ్చిన పని విధానం. 1988లో జాన్ క్రాఫ్సిక్ అనే పరిశోధకుడు దీనికి లీన్ అని పేరు పెట్టారు. ఓనో ఏడు రకాల వృథాను గుర్తించారు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని ప్రాసెసింగ్, నిల్వలు, మనిషికి పనికిరాని తిరుగుడు, లోపాలు. మిల్లు గేటు దగ్గర నిలబడి చూస్తే ఒక్క పూటలోనే ఏడూ కనిపిస్తాయి.

ముందు స్టోరు గది సర్దాం. అరిగిన రోల్స్, చిరిగిన జల్లెళ్లు, ఏ మిషనువో తెలియని బోల్టులు. పనికొచ్చేవి ఒకవైపు, రానివి ఒకవైపు, తేల్చుకోలేనివాటికి ఎర్ర దారం కట్టి నెల గడువు. తాత నాటి హల్లర్‌కు కూడా ఎవరో ఎర్ర దారం కట్టారు. మావయ్య ఏమీ అనకుండా వచ్చి ఆ దారం విప్పేశాడు. ఆ హల్లర్ ఇప్పుడు ఆఫీసు వరండాలో ఉంది. ప్రతి దసరాకి మొదటి బొట్టు దానికే పెడతారు. అది అక్కడ ఉండటమే సరైనదని నాకూ అనిపించింది.

ఫిబ్రవరి ఆఖరు

ఒక బస్తా వెంట నడిచాను. లీన్ మొదలుపెట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. ఆఫీసులో కూర్చుని బొమ్మ గీయకండి, లారీ దగ్గర ఒక బస్తా మీద సుద్దతో గుర్తు పెట్టి అది మిషన్లకు ధాన్యం పోసే గుంతలో పడేదాకా దాని వెంటే ఉండండి.

లారీలోంచి దింపి కాటా మీద పెట్టారు. కాటా నుంచి గోడౌన్ ముందు వసారాలో వేశారు. సాయంత్రం వసారాలోంచి లోపలికి తీసుకెళ్లి లాటు (బస్తాల దొంతర) కట్టారు. దాని వెనకున్న లాటు కావాల్సి వచ్చి రెండు రోజుల తర్వాత పక్కకు జరిపారు. చివరికి గుంత దగ్గరకు మోసి, కుట్టు కోసి, పోశారు. ఒక బస్తాను అయిదుసార్లు ఎత్తి అయిదుసార్లు దింపారు. ఆ మోతలో ఒక్కసారి కూడా ఆ ధాన్యం బియ్యానికి దగ్గర కాలేదు. పైగా ప్రతిసారీ కొక్కెం గుచ్చిన చోట గోతాం చిరిగి గింజలు కారాయి.

కాగితం మీద దీనికి పరిష్కారం తేలికే. వసారాలో వేయడం, లాటు జరపడం తీసేస్తే అయిదు మోతలు మూడవుతాయి. గోడౌన్‌లో నడుమ దారి వదిలి, వచ్చిన తేదీ ప్రకారం, రకం ప్రకారం లాట్లు కడితే చాలు. హమాలీల మేస్త్రిని కూర్చోబెట్టి ఇదే చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అన్నాడు:

"నువ్వు చెప్పేది బాగుంది నాయనా. ఎత్తుడుకు ఇంతని, దింపుడుకు ఇంతని మాకు లెక్క. రెండుసార్లు ఎత్తే పని తీసేస్తానంటే మా పిల్లకాయల కూలి తీసేస్తానన్నట్టే గదా?"

ఆయన మాట అక్షరాలా నిజం. మిల్లుకు వృథా అయిన ఆ రెండు మోతలే పన్నెండు ఇళ్లలో జీతం. లీన్ గురించి చెప్పే చాలా శిక్షణల్లో ఈ మాట రాదు. ఫ్యాక్టరీలో నెల జీతం కాబట్టి అక్కడ ఒక పని తగ్గితే మనిషికి ఊపిరి దొరుకుతుంది. మోతకింత అని లెక్క కట్టే చోట పని తగ్గితే కంచంలో మెతుకులు తగ్గుతాయి. కూలి లెక్క మార్చకుండా లేఅవుట్ మారిస్తే అది హమాలీల జేబులోంచి తీసి మావయ్య గల్లాలో వేయడమే అవుతుంది.

ఇది టొయోటాకు కూడా కష్టపడితేనే అర్థమైంది. 1950లో ఆ కంపెనీ అప్పుల్లో మునిగి కార్మికుల్ని తీసేయాల్సి వచ్చింది. పెద్ద సమ్మె జరిగింది. చివరికి కంపెనీ స్థాపించిన కియిచిరో టొయోడా స్వయంగా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఉద్యోగం పోదన్న నమ్మకం ఇచ్చాకే అక్కడి కార్మికులు తమ పనిలో వృథాను తామే వేలెత్తి చూపించడం మొదలుపెట్టారు. ఆ నమ్మకం లేని చోట ఏ బోర్డు పెట్టినా, ఏ రంగు గీతలు గీసినా లాభం ఉండదు.

మార్చి మొదటి వారం

కూలి లెక్క మారింది. దీనికోసం మావయ్యతో, మేస్త్రితో విడివిడిగానూ కలిపీ చాలాసేపు కూర్చున్నాం.

పాత పద్ధతి: ప్రతి మోతకూ బస్తా లెక్క. కొత్త పద్ధతి: లారీలోంచి గుంత దాకా మొత్తానికి పుట్టికి ఒకే రేటు. మా నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. రైతులైనా, దళారులైనా, మిల్లర్లైనా ధాన్యం మాట అంతా పుట్టిలోనే. అందుకని ఈ లెక్క ఎవరికీ కొత్తగా అనిపించలేదు. పోయిన సీజన్ పద్దు పుస్తకం తీసి, అన్ని మోతలూ కలిపి హమాలీలకు పుట్టికి సగటున ఎంత ముట్టిందో గుమస్తా గారు తేల్చారు. కొత్త రేటు అంతకు ఒక్క రూపాయి తగ్గకుండా పెట్టాం.

మావయ్య అడిగాడు. "అంతే డబ్బులిస్తే నాకేం మిగిలిందిరా?"

న్యాయమైన ప్రశ్న. కాగితం మీద రాసి చూపించాను. లారీ తొందరగా ఖాళీ అయితే వెయిటింగ్ చార్జీ ఉండదు. కొక్కెం తక్కువసార్లు గుచ్చితే గోతాలు ఇంకో సీజన్ వస్తాయి, కారిన గింజలు మట్టిలో కలవవు. అన్నిటికన్నా ముఖ్యం, సీజన్ ముదిరినప్పుడు మన గేటు ముందు ట్రాక్టర్లు నిలబడిపోతే రైతు పక్క మిల్లుకు తిప్పేస్తాడు. తొందరగా దింపుకునే మిల్లుకే మంచి సరుకు ముందు వస్తుంది. ఈ చివరి మాట మావయ్యకు తగిలింది. మిల్లు నడిపే మనిషికి ధాన్యం చేజారడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి లేదు.

మార్చి మూడో వారం

పెన్నా డెల్టా అంతా కోతలు ఊపందుకున్నాయి. కోత మిషన్లు రాత్రిళ్లు కూడా తిరుగుతున్నాయి. మిల్లు ముందు పొద్దున్నే ట్రాక్టర్ల వరస.

ఇన్నాళ్లూ నేను చెబితే తల ఊపిన హమాలీలే ఇప్పుడు నాకు చెబుతున్నారు. లారీని వెనక్కి తిప్పి గోడౌన్ గుమ్మానికి ఆనిస్తే పది అడుగుల నడక తగ్గుతుందని ఒకాయన. గుమ్మం దగ్గర గచ్చు పగిలి కాలు మెలికపడుతోంది, అది పూడిస్తే బరువుతో ఆగకుండా పోవచ్చని ఇంకొకాయన. అదే వారం సిమెంటు వేయించాం. నాలుగు మీటర్ల గచ్చు కోసం వాళ్లు ఎన్ని సీజన్ల నుంచి అడుగుతున్నారో పద్దు పుస్తకంలో లేదు గానీ మేస్త్రికి బాగా గుర్తుంది.

అయిదు మోతలు ఇప్పుడు ఎక్కువ రోజుల్లో మూడే. లారీలు మధ్యాహ్నానికే ఖాళీ అవుతున్నాయి. హమాలీలు సాయంత్రం తొందరగా ఇంటికి పోతున్నారు, చేతికొచ్చే డబ్బు తగ్గలేదు. మేస్త్రి మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "సీజన్ అయినాక కూడా ఇదే రేటుంటే అప్పుడు నమ్ముతా" అన్నాడు. మావయ్య సరే అని పుస్తకంలో రాయించాడు.

ఏప్రిల్

గుంతలోంచి ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ పదేపదే జామ్ అవుతోంది. జామ్ అయిన ప్రతిసారీ డ్రైవరన్న కింద తలుపు తీసి, చేత్తో లాగి, మళ్లీ స్టార్ట్ చేస్తాడు. పావుగంటలో మిల్లు నడుస్తుంది కాబట్టి ఎవరూ దాన్ని సమస్య అనుకోరు.

ఈసారి లాగిన చెత్తను పారేయవద్దని చెప్పి, కాగితం మీద పరిచి చూశాం. మట్టిపెళ్లలు కొద్దిగా, గడ్డి కొద్దిగా. మిగతా అంతా పురికొస. బస్తా కుట్టిన పురికొస కోసినప్పుడు ముక్కలు ధాన్యంతో పాటే గుంతలో పడుతున్నాయి. అవి ఎలివేటర్ బకెట్లకు చుట్టుకుని, ఒకదాని మీద ఒకటి పేరుకుని బెల్టును బిగించేస్తున్నాయి. ఎందుకు, ఎందుకు అని అడుగుతూ వెనక్కి పోతే ఎలివేటర్ జబ్బు గుంత గట్టు మీద తేలింది. గుంత పక్కన నడుము ఎత్తులో ఒక మేకు కొట్టి, దాని కింద పాత నూనె డబ్బా పెట్టాం. కుట్టు కోసినవాళ్లు పురికొస లాగి మేకుకు తగిలిస్తారు. గుంత మీద ఇనుప జాలీ వేశాం. ఖర్చు జాలీకే. జామ్‌లు దాదాపు ఆగిపోయాయి. డబ్బాలో చేరిన పురికొసను చిన్న సంచులు కట్టడానికి వాడుతున్నారు.

షెల్లర్ రోల్స్ సంగతి కూడా ఈ నెలే చూశాం. రెండు రబ్బరు రోల్స్ ఎదురెదురుగా వేర్వేరు వేగంతో తిరుగుతూ గింజ పొట్టు ఒలుస్తాయి. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. మధ్యలో రెంటినీ ఇటుదటు మారిస్తే సమానంగా అరిగి ఎక్కువ కాలం వస్తాయి. అది తెలిసినా మార్చడం వాయిదా పడేది, ఎందుకంటే మార్చాలంటే దగ్గర దగ్గర గంట మిల్లు ఆగాలి. ఆ గంటలో సగం టైము పానా వెతకడానికి, స్టోరు తాళం కోసం గుమస్తా గారి దగ్గరకు పోవడానికి సరిపోతోంది. షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరు చెప్పిన సూత్రం ఇక్కడ సూటిగా పనికొచ్చింది: మిషను నడుస్తుండగా చేయగల పనులన్నీ ముందే చేసి పెట్టుకో, ఆపాక చేయాల్సినవే ఆపాక చెయ్యి. ఇప్పుడు పానాలు షెల్లర్ పక్కనే చెక్క పలక మీద, ఒక్కో పానా ఆకారం పెయింటుతో గీసి ఉన్న చోట. మార్చాల్సిన రోల్ ముందురోజే తెచ్చి పక్కన పెడతారు. పని ఇరవై అయిదు నిమిషాల్లోపే అయిపోతోంది. వాయిదాలు పోయాయి కాబట్టి రోల్స్ సమానంగా అరుగుతున్నాయి, గ్యాప్ అదుపులో ఉంటోంది, నూక కూడా కాస్త తగ్గిందని డ్రైవరన్న అంటున్నాడు. తేమ 14 శాతం దగ్గర ఉన్న ధాన్యానికే ఇది వర్తిస్తుంది, పచ్చి ధాన్యానికి ఏ సెట్టింగూ కాపాడదు, అని ఆయనే చేర్చాడు. రోల్స్ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఆయనదే. రబ్బరు నిలవుంటే గట్టిపడుతుంది కాబట్టి ముందు వచ్చిన రోల్ ముందు వాడాలి, ఎండ తగిలే గోడ పక్కన పెట్టకూడదు.

మే

నాకు ఈ సీజన్లో బాగా బాధ కలిగించిన దృశ్యం ప్యాకింగ్ గదిలో చూశాను. నలుగురు ఆడవాళ్లు కూర్చుని, కుట్టేసిన కొత్త బియ్యం సంచుల దారం జాగ్రత్తగా విప్పి, బియ్యం ఇంకో బ్రాండు సంచుల్లోకి పోస్తున్నారు. అడిగితే ఇది మామూలే అన్నారు. మరాడించిన బియ్యాన్ని ఆర్డరు రాకముందే అమ్ముడుపోతుందనుకున్న బ్రాండులో ప్యాక్ చేస్తారు. ఆర్డరు ఇంకో బ్రాండుకు వస్తే సంచి మార్చాలి. అచ్చు వేసిన సంచి విప్పాక మళ్లీ పనికిరాదు. ఆ ఆడవాళ్ల పని, సంచి, దారం, కరెంటు, అన్నీ రెండుసార్లు.

2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకెట్లపై 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలా మిల్లుల్లాగే మాదీ 26 కిలోల సంచులకు మారింది. అయినా చిన్న సంచులు అడిగే షాపులు ఉన్నాయి. బ్రాండ్లు, సైజులు కలిపి చూస్తే రకాలు చాలా ఎక్కువ. ఏది పోతుందో ముందే ఊహించి కుట్టేయడంలోనే తప్పుంది.

ఇప్పుడు బియ్యాన్ని సార్టెక్స్ తర్వాత పెద్ద తొట్టిలోనే ఉంచుతున్నాం. ఆర్డరు చీటీ ప్యాకింగ్ గది బోర్డుకు తగిలిస్తేనే ఆ బ్రాండు సంచి తీస్తారు. ఎక్కువగా పోయే రెండు బ్రాండ్లకు మాత్రం కొద్దిపాటి స్టాకు ముందే ఉంటుంది. ఖాళీ సంచుల కట్టల్లో కింది నుంచి మూడో కట్ట మీద పసుపు అట్ట పెట్టాం. ఆ అట్ట పైకి కనిపించిన రోజు గుమస్తా గారు ప్రింటింగ్ వాళ్లకు ఫోన్ చేయాలి. ఈ అట్టల పద్ధతి గుమస్తా గారికి బాగా నచ్చింది. అన్నీ గుర్తుపెట్టుకోవాలన్న టెన్షన్ తగ్గిందని ఆయనే చెప్పారు.

ఆ నలుగురు ఆడవాళ్ల సంగతి కూడా రాయాలి. సంచి మార్చే పని పోయిందని వాళ్ల రోజులు తగ్గించలేదు. ఇద్దరు నూకలు, రాళ్లు చూసే నాణ్యత పని నేర్చుకుంటున్నారు. ప్రతి గంటకూ గుప్పెడు బియ్యం పళ్లెంలో పోసి నూక శాతం చూసి బోర్డు మీద రాస్తారు. వాళ్ల చూపు నా చూపు కన్నా నిఖార్సైనది.

జూన్

నిల్వల మీద మావయ్యకూ నాకూ చాలా చర్చ జరిగింది. నిల్వ వృథా అని ఓనో జాబితాలో ఉంది. కానీ బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనే రకం, కొత్తగా మరాడిస్తే అన్నం ముద్దవుతుంది. నెలల తరబడి ధాన్యంగా నిలవ ఉంచి ఆడిస్తేనే పొడిపొడిగా ఉంటుంది, ధర వస్తుంది. అలా ఆగిన కాలం ఆ ధాన్యానికి విలువ పెంచుతోంది. దాన్ని వృథా అనడం పొరపాటు. ఈ విషయంలో మావయ్యే కరెక్ట్.

తవుడు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. పాలిషర్‌లోంచి వచ్చిన గంట నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు పెరిగిన కొద్దీ నూనె తీసే ఫ్యాక్టరీ ధర కోస్తుంది. మేం లారీ నిండేదాకా తవుడు ఆపుతూ వచ్చాం. ఇప్పుడు పక్క మిల్లుతో కలిసి ఒకే లారీలో పంపుతున్నాం. దానికి ఆ మిల్లు యజమానితో మావయ్య పాత మనస్పర్థలు పక్కన పెట్టి మాట్లాడాల్సి వచ్చింది. ఈ ప్రాజెక్టులో ఆయన చేసిన అన్నిటికన్నా కష్టమైన పని అదేనని నా అభిప్రాయం.

కాబట్టి మా గోడౌన్లో ఇప్పుడు రెండు లెక్కలు. కావాలని ఆపిన సరుకుకు లాటు మీద ఎప్పటిదాకా ఆపాలో తేదీ ఉంటుంది. తేదీ లేకుండా ఆగిన ఏ సరుకైనా గుమస్తా గారు సోమవారం ఎందుకుందో అడుగుతారు.

జులై

సీజన్ అయిపోయింది. హమాలీల రేటు అలాగే ఉంది. మేస్త్రి ఈసారి తానే వచ్చి, బియ్యం లారీలకెత్తే పనికి కూడా ఇదే పద్ధతి పెడదామా అని అడిగాడు. బియ్యం వైపు బ్రాండుకో లోడు కాబట్టి లెక్క కష్టం. మావయ్య, ఆయన, గుమస్తా గారు కూర్చుని తేల్చాలి.

కేంద్ర ఎం.ఎస్.ఎం.ఇ. శాఖ 2023 మార్చిలో ప్రారంభించిన లీన్ పథకానికి దరఖాస్తు పెడుతున్నాం. అందులో బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు ఉన్నాయి. సలహాదారు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. చిన్న మిల్లుల వాళ్లు దీన్ని తప్పకుండా చూడండి. కానీ సలహాదారు వచ్చేలోపు మీ దగ్గర కూలి లెక్క ఎలా ఉందో మీరే ఒకసారి కాగితం మీద రాసి పెట్టుకోండి.

మిగిలిన పనులు: సార్టెక్స్‌కు గాలి పంపే పైపుల్లో లీకులు. ఆదివారం మిల్లు ఆపి కంప్రెసర్ ఒక్కటే నడిపితే ఎక్కడెక్కడ గాలి పోతోందో చెవికే వినిపిస్తుంది. డ్రైవరన్న సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. ఊక గది వైపు దుమ్ము ఇంకా అలాగే ఉంది, అక్కడ పనిచేసేవాళ్ల దగ్గు నాకు నచ్చడం లేదు. పీల్చే ఫ్యాను, గాలి నుంచి దుమ్మును వేరుచేసే సైక్లోన్ మార్చాలి. దానికి డబ్బు కావాలి, మావయ్య సరేనన్నాడు. ఎడగారు (రబీ తర్వాత వేసే రెండో పంట) కోతలు మొదలయ్యేలోపు ఈ రెండూ పూర్తి చేయాలి.